కరెంటు బిల్లు మీద అమ్మ పేరు

మా వీధికి మీటరు రీడింగు తీసే మనిషి వచ్చిన రోజు నాకు ఉద్యోగం రెండు పూటలా ఉంటుంది. అనంతపురంలో కాలేజీ ఆఫీసు పని ముగించుకుని, ప్యాసింజరు రైలు దిగి, ధర్మవరంలో ఇల్లు చేరేసరికి మా అరుగు మీద ముగ్గురో నలుగురో బిల్లు చీటీలు పట్టుకుని కూచుని ఉంటారు. మిషన్లోంచి వచ్చే ఆ సన్న కాగితం మీద అక్షరాలు చీమల బారు. ఏ గీతకు ఎంత పడిందో, పోయిన నెలకంటే ఎందుకు పెరిగిందో నేను చదివి చెప్పాలి.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చదివి ఊరుకోను, తిట్టి మరీ చెప్తాను. రీడింగు మనిషి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చినందుకు యూనిట్లు పై శ్లాబులోకి ఎక్కాయని తెలిసినా ఒక్కరూ అడగరు. అడగరా బాబూ అంటే, పాపం ఆయనకేం జ్వరమొచ్చిందో అంటారు. పక్కింటి పెద్దమ్మ అయితే మరీను. ముందు గదిలో పెట్టిన జాకెట్ గుడ్డల అంగడి మూసేసి ఆరేళ్ళయింది, మీటరు మాత్రం ఇంకా అంగడి రేటులోనే ఉంది. ఇంటి వాడకంలోకి మార్పించుకో అని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. మార్పిస్తే అంగడి నిజంగా పోయినట్టే కదా అంటుంది ఆవిడ. నేను ఆవిడ ముందే నుదురు కొట్టుకున్నాను. మనుషులు బిల్లులో కూడా ఏవేవో దాచుకుంటారని అప్పటికి నాకు తెలియదు.

మా ఇంటి చీటీ ఆఖరున చూసేదాన్ని. పైన నాయన పేరు ఉండేది. ఆయన పోయి రెండేళ్ళు దాటినా మీటరుకు ఆ సంగతి తెలియదు. కింద ఒక గీతలో చేనేత కుటుంబాలకు ఇచ్చే తగ్గింపు పడేది. దాని వల్లే మేము వేసవిలో స్విచ్చు ముందు నిలబడి ఆలోచించకుండా బతికాం. మా గుంట మగ్గం వెనక గదిలో ఉంటుంది. కిటికీ ఉందంటే ఉంది, వెలుతురు మాత్రం రాదు. పట్టు పోగు వెంట్రుకంత సన్నం, మధ్యాహ్నం పూట కూడా పైన ట్యూబులైటు వెలగాల్సిందే. ఫ్యాను గాలి సూటిగా తగిలితే పోగులు లేస్తాయి కాబట్టి దాన్ని వెనక, గోడ వైపు తిప్పి పెడతాం. అదీ లేకపోతే చెమట చుక్క చీర మీద పడుతుంది. పడిన చుక్క మచ్చై కూచుంటుంది, ఆ చీర ధర సగానికి దిగుతుంది. కండెలు చుట్టే రాట్నానికి చిన్న మోటారు. ఇదీ మా కరెంటు ఖర్చు.

నాయన మంచి నేతగాడు. ఇది కూతురి గొప్ప కాదు, బజారులో ఎవరిని అడిగినా చెప్తారు. అంచులో హంసల వరుస దించాలంటే సావుకారు వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చేవాడు. నేను ఇంటర్ రెండో ఏడులో ఉండగా ఆయన నడుము పోయింది. గుంటలో కాళ్ళు దించి తొక్కుడు చెక్క నొక్కితే వీపులో కత్తి దిగినట్టుండేదట. డాక్టరు మగ్గం ఎక్కొద్దన్నాడు. సావుకారు ఇచ్చిన పట్టు, జరీ మాత్రం మగ్గం మీదే ఉన్నాయి, చీర సగంలో ఉంది. మూడో రోజు అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుంటలో కాళ్ళు దించింది.

పెళ్ళయినప్పటి నుంచి ఆయన పక్కన కూచుని కండెలు చుట్టిన మనిషి, చూసి చూసి నేర్చుకుంది. మొదటి చీరకు ఆయన కుర్చీ వేసుకుని పక్కనే కూచుని ఒక్కో పోగూ చెప్పాడు. మూడో చీరకు చెప్పడం మానేశాడు. ఆ తర్వాత ఆయన రాట్నం దగ్గర కూచుని కండెలు చుట్టడం మొదలుపెట్టాడు. మా ఇంట్లో పనులు అట్లా తారుమారయ్యాయి.

వీధికి మాత్రం తారుమారు కాలేదు. ఇప్పుడు మా ఊళ్ళో ఎందరో ఆడవాళ్ళు నేస్తారు గానీ, అప్పుడు మా వీధిలో ఆడది మగ్గం ఎక్కిందంటే ఆ ఇంటి మగవాడు తాగుబోతైనా అయి ఉండాలి, చనిపోయైనా ఉండాలి. నాయన రెండూ కాదు. అందుకని ముందు తలుపు మూసి అమ్మ నేసేది. ఎవరైనా వస్తే అమ్మ లేచి రాట్నం దగ్గరికి పోవాలి, నాయన మగ్గం ఎక్కాలి. గడపలో పుస్తకం పట్టుకుని కూచుని, వచ్చేవాళ్ళను చూసి లోపలికి చెప్పడం నా పని. సావుకారు సందు మలుపు తిరగ్గానే నేను దగ్గేదాన్ని. లోపల చప్పుడు ఆగేది, గాజులు గలగలమనేవి, ఒక మూలుగు వినపడేది. ఆ మూలుగు నాయనది. గుంటలోకి దిగడానికి ఆయనకు అంత నొప్పి. వచ్చినవాడు పోయాక ఆయన్ను పైకి లేపడానికి అమ్మా నేనూ ఇద్దరం పట్టాలి.

అప్పుడు నాకది ఆటలా ఉండేది. సావుకారు చీర అంచు తడిమి, నీ చెయ్యే చెయ్యప్పా అని నాయనను మెచ్చుకున్నప్పుడు అమ్మ రాట్నం వైపు తిరిగి నవ్వు ఆపుకునేది. నేనూ నవ్వేదాన్ని. నాయన మాత్రం నవ్వేవాడు కాదు. ఆ సంగతి నేను ఇన్నేళ్ళ తర్వాత గాని పట్టించుకోలేదు. పదేళ్ళు ఆయన చేయని పనికి మెప్పు మోశాడు. పదేళ్ళు ఆమె చేసిన పనికి పక్కన కూచుంది.

ఆయన పోయిన నెలకు అమ్మ మగ్గం మీద ఉన్న చీర పూర్తి చేసింది. సావుకారు వచ్చి అరుగు మీదే కూచుని చీర విప్పి చూశాడు. అంచు చూశాడు, కొంగు చూశాడు. ఎవరు నేశారని ఆయన అడగలేదు, అమ్మ చెప్పలేదు. పోతూ పోతూ ఇంకో చీరకు సరిపడా పట్టు మాత్రం అమ్మ చేతిలో పెట్టి పోయాడు. మాట రాకుండా జరిగిపోయింది కదా, అట్లాగే జరిగిపోతుందిలే అనుకున్నాం.

కరెంటు దగ్గర అట్లా జరగలేదు. చేనేత తగ్గింపు తీసుకునేవాళ్ళ పేర్లు మళ్ళీ సరిచూస్తున్నారని, చనిపోయిన వాళ్ళ పేరుతో ఉన్న మీటర్లు వారసుల పేరుకు మార్చుకోవాలని కబురొచ్చింది. కాగితాల పని అంటే నాకు ఉత్సాహం. కాలేజీలో నా ఉద్యోగమే అది. అడ్మిషన్ల రోజుల్లో పిల్లలు ఫారాలు తప్పులతో తెస్తే, ఒక్క గడి సరిగా నింపడం రాదా, రేపు సర్టిఫికెట్టు తప్పు వస్తే నన్ను తిట్టుకుంటారా అని నోరు పారేసుకుంటాను. మరణ ధ్రువపత్రం, ఇంటిపన్ను రసీదు, ఆధార్ నకళ్ళు, అన్నీ వరుసగా గుచ్చి, మీటరు అమ్మ పేరుకు మార్చమని ఒక ఫారం, తగ్గింపు కొనసాగించమని ఇంకో ఫారం రాశాను. అమ్మ చేత సంతకం పెట్టించాను. అమ్మ సంతకం నెమ్మదిగా పెడుతుంది. రైలుకు టైమవుతోంది, తొందరగా కానీ అని దానికి కూడా విసుక్కున్నాను.

తర్వాతి నెల చీటీ మీద అమ్మ పేరు వచ్చింది. తగ్గింపు గీత పోయింది. కట్టాల్సింది ఎప్పటికంటే చాలా ఎక్కువ.

నా ఒళ్ళు మండిపోయింది. మర్నాడు సెలవు పెట్టి కరెంటాఫీసుకు పోయాను. రాత్రి పడుకున్నప్పుడు తట్టిన మాటలన్నీ కూడబెట్టుకుని పోయాను. కౌంటరు దగ్గర నడివయసు ఆయన ఒకరు కూచుని ఉన్నారు. చీటీ ఆయన ముందు పెట్టి, పేరు మారిస్తే మనిషి మారిపోతుందా, మగ్గం అదే, ఇల్లు అదే, తగ్గింపు ఎవరు తినేశారు అని గొంతు పెంచాను. వరుసలో ఉన్నవాళ్ళు నా వైపు తిరిగారు. ఆయన మాత్రం కోపం తెచ్చుకోలేదు. లోపలికి పోయి ఫైలు తెచ్చాడు. నేను గుచ్చిన కాగితాలే. రెండో ఫారం తీసి నా వైపు తిప్పి, ఒక గడి మీద వేలు పెట్టాడు.

"ఇది మీ రాతే కదమ్మా?"

నా రాతే. గుండ్రంగా, కొట్టివేత లేకుండా ఉంది. దరఖాస్తుదారు వృత్తి అన్న గడిలో 'గృహిణి' అని రాసి ఉంది.

ఇంట్లో నేసేవాళ్ళు లేరని మీరే రాసిచ్చినట్టయింది కదమ్మా అన్నాడాయన, తప్పు పట్టినట్టు కాదు, మామూలుగా. మీ వార్డు సచివాలయం నుంచి మనిషిని పంపిస్తారు, మగ్గం చూపించండి, ఎవరు నేస్తున్నారో ఆ మనిషే చెప్పాలి, మగ్గం మీద ఫోటో తీసుకుంటారు, మళ్ళీ తగ్గింపు వస్తుంది అని దారి చెప్పాడు. నేను తల దించుకుని చీటీ తీసుకున్నాను. వెనక వరుసలో ఎవరో నవ్వినట్టనిపించింది. నవ్వలేదేమో కూడా. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఆ పదం రాసేటప్పుడు నేను ఆలోచించనే లేదు. ఆలోచించి రాసి ఉంటే, ఏదో కారణం ఉందని నన్ను నేను సమర్థించుకునేదాన్ని. చెయ్యి దానంతటది రాసేసింది. పదేళ్ళు గడపలో కూచుని దగ్గిన మనిషిని, అమ్మ నేస్తుందని లోకంలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆ నేను అట్లా రాశాను.

ఇంటికి వచ్చి అమ్మతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను, తప్పు నాదని ఒప్పుకున్నాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, తలెత్తలేదు.

"దాంట్లో తప్పేముండాది పాపా? సరిగానే రాసినావు."

మనిషి వస్తారు, నేనే నేస్తున్నానని నువ్వు చెప్పాలి అన్నాను. చెప్పనంది. ఎందుకు చెప్పవని గట్టిగా అడిగాను. చాట పక్కన పెట్టి, అప్పుడు నా మొహంలోకి చూసింది.

"ఎన్నేండ్లాయ అని అడుగుతారు. పన్నెండేండ్లు అని చెప్తే, మీ నాయన పదేండ్లు ఏం చేసినాడని అంటారు. పోయిన మనిషిని వీధిలో నిలబెట్టల్లనా? బిల్లు ఎంతొస్తే అంత కడదాం."

తగ్గింపు మన హక్కు, అది మన కష్టానికి వచ్చేది అని ఏవో చెప్పాను. పక్కింటి పెద్దమ్మను తిట్టినట్టు అమ్మను తిట్టలేకపోయాను. కానీ కోపం వచ్చింది. అమ్మ మీదా, నాయన మీదా, నా మీదా వచ్చింది. ఎవరి మీద ఎక్కువో నేను చెప్పలేను.

అమ్మ తన పద్ధతిలో బిల్లు తగ్గించడం మొదలుపెట్టింది. పగలు ట్యూబులైటు ఆపేసింది. తలుపులు తెరిస్తే వీధిలో వాళ్ళు చూస్తారని మూసే ఉంచేది, కిటికీలోంచి వచ్చే గుడ్డి వెలుతురులోనే నేసేది. ఫ్యాను ఆపి నుదుటికి తుండు కట్టుకునేది. రెండు వారాలకు నేను గమనించాను, మగ్గం మీద ముఖం ఆనించేంతగా వంగుతోంది. కళ్ళు ఎర్రబడ్డాయి. ఒక ఆదివారం కొంగు మొదట్లో జానెడు నేత విప్పుతూ కనిపించింది. ఒక పోగు తప్పింది, రెండు రోజుల తర్వాత గాని కళ్ళకు ఆనలేదట. నేసిన దాన్ని పోగు పోగుగా వెనక్కి తీస్తున్న ఆ చేతులు చూస్తే నాకు ఏడుపొచ్చింది. నేను పోయి లైటు వేశాను. ఆమె లేచి ఆపింది. మళ్ళీ వేశాను. మళ్ళీ ఆపింది. ఇద్దరం స్విచ్చు దగ్గర చిన్నపిల్లల్లా పోట్లాడుకున్నాం. చివరికి ఆమే గెలిచింది.

సచివాలయం నుంచి అమ్మాయి వచ్చిన రోజు మంగళవారం. పొద్దున తొమ్మిదయింది. నేను కావాలనే రైలు వదిలేశాను. పాతికేళ్ళు కూడా ఉండవు ఆ అమ్మాయికి, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫోను. ఆమె వెంట, ఏం జరుగుతోందో చూద్దామని పక్కింటి పెద్దమ్మ, ఎదురింటి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అమ్మ అప్పటికే మగ్గం దిగి రాట్నం దగ్గర కూచుంది. తలుపు చప్పుడుకు ఆమె కాళ్ళు వాటంతటవే అటు నడిచి ఉంటాయి.

ఆ అమ్మాయి మగ్గం చూసింది, సగం నేసిన చీర చూసింది. ఫోనులో ఏదో నొక్కి అడిగింది.

"ఈ మగ్గం ఎవురు నేస్తారమ్మా?"

"మా ఆయన" అంది అమ్మ.

అందరి చూపూ గోడ మీద దండ వేసిన ఫోటో వైపు పోయింది. అమ్మ కూడా అటే చూసింది. తను ఏమందో అప్పుడు తెలిసింది ఆమెకు. నేను నోరు తెరవబోయాను. ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టి, నువ్వు చెప్పగూడదక్కా, నేసేవాళ్ళే చెప్పల్ల అంది. ఎవరూ చెప్పకపోతే మగ్గం వాడకంలో లేదని రాసుకుని పోవాలి, అంతకంటే తాను చేసేదేమీ లేదని కూడా చెప్పింది. ఫోను మీద వేలు అట్లాగే పెట్టుకుని నిలబడింది.

అమ్మ నేలకేసి చూసింది. ఆమె చెప్పదనే నేను అనుకున్నాను. ఆ చీకట్లో ఇంకా ఎన్నేళ్ళు నేస్తుందో అని లెక్క వేసుకుంటూ, ఆమె కళ్ళు పోతాయని భయపడుతూ నిలబడ్డాను. అప్పుడు అమ్మ లేచింది. తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, వాళ్ళందరి ముందే వెళ్ళి గుంటలో కాళ్ళు దించింది. పోగును అటూ ఇటూ పట్టుకుపోయే నాడె అందుకుని నాలుగు పోగులు నేసింది. ఐదోది నేస్తూ, తల తిప్పకుండానే అంది.

"నేనే నేస్తాండా. పన్నెండేండ్లాయ. ఆయన నడుము పోయినప్పటి నుంచి నేసేది నేనే. ఆయన నేర్పిచ్చినాడు, పక్కన కూచ్చొని కండెలు చుట్టిచ్చినాడు. మొగోడు కండెలు చుట్టిచ్చేది మీ ఇండ్లల్లో యాడన్నా చూసినారా?"

ఆ ఆఖరి మాట గుమ్మంలో ఉన్న ఆడవాళ్ళను అడిగింది. పక్కింటి పెద్దమ్మ, నాకు తెలుసులేమ్మా, ఎప్పటినుంచో తెలుసు, గోడవతల నాకు వినపడదా, ఆయన తొక్కుడు వేరు, నీ తొక్కుడు వేరు అంది. ఎదురింటావిడ కూడా తల ఊపింది. పన్నెండేళ్ళు మేము వీధి నుంచి దాచామనుకుంటే, వీధే మా నుంచి దాచిందన్నమాట. ఆ అమ్మాయి ఫోటో తీసుకుని, కొత్త ఫారం నా చేతికిచ్చి, వృత్తి గడి నువ్వే నింపక్కా అంది. చేనేత కార్మికురాలు అని రాశాను. రాస్తుంటే అక్షరాలు వంకర పోయాయి.

రెండు నెలలకు తగ్గింపు గీత తిరిగి వచ్చింది. ఆ సాయంత్రం అరుగు మీది వాళ్ళను పంపించేసి, చీటీ పట్టుకుని వెనక గదిలోకి పోయాను. లైటు వెలుగుతోంది, అమ్మ నేస్తోంది. పైన ఆమె పేరు, కింద ఆ గీత వేలితో చూపించి చదివాను. అమ్మ నాడె ఆపి విన్నది. తర్వాత అడిగింది, ఇంతకు ముందు ఎక్కడెక్కడ నన్ను గృహిణి అని రాసినావు అని.

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఇంటర్ దరఖాస్తులో. డిగ్రీలో. స్కాలర్‌షిప్పు ఫారంలో. బ్యాంకులో. ఈ ఉద్యోగానికి పెట్టిన కాగితంలో. చెప్తుంటే గొంతు తగ్గిపోయింది. వాటిలో డిగ్రీ మొదలు ప్రతి ఫీజూ ఆమె కూచున్న ఆ మగ్గం మీది నుంచే వచ్చింది, కొన్ని ఫారాలు ఆమె నేస్తుండగా నేను గడపలో కూచుని నింపినవే. అవన్నీ ఇప్పుడు దిద్దలేమమ్మా అన్నాను.

అమ్మ మళ్ళీ నాడె చేతిలోకి తీసుకుంది.

"సరే పోనీ. ఇంగ రాసేవన్నా సరిగా రాయి" అంది.